తాత పుట్టిన ఊరు తప్పవుతుందా?

ఎవరు చేసిన పనికి వాళ్ళే బాధ్యులు. ఇంట్లో చెప్పేదీ ఇదే, బళ్ళో చెప్పేదీ ఇదే. హోంవర్క్ చెయ్యనిది నేనైతే బయట నిలబడేది కూడా నేనే, మా చెల్లెలు కాదు. ఇందులో ఎవరికీ సందేహం ఉండదు. కానీ దేశాల సంగతి వచ్చేసరికి పెద్దవాళ్ళు కూడా ఈ చిన్న నియమం మర్చిపోతారని నాకనిపిస్తుంది. ఒక దేశంలో ప్రభుత్వం మారితే, లేదా ఆ ప్రభుత్వం పక్క దేశం మీద యుద్ధానికి వస్తే, ఎన్నో ఏళ్ళ కిందట ఆ దేశం విడిచి వచ్చిన ఒక తాత మనవరాలు దానికి జవాబు చెప్పాలా?

ఇది ఊరికే ఊహించి అడిగిన ప్రశ్న కాదు. మన దేశంలోనే చైనా మూలాలున్న కుటుంబాలకు ఇది నిజంగా జరిగింది. మా సోషల్ పుస్తకంలో 1962 యుద్ధం గురించి కొన్ని వాక్యాలే ఉన్నాయి. సరిహద్దు, సైన్యం, ఓటమి, అంతే. ఆ యుద్ధం కలకత్తాలో చెప్పులు కుట్టే ఇంట్లోకి, అస్సాంలో టీ తోట పక్కనున్న ఇంట్లోకి ఎలా వచ్చిందో అందులో లేదు. మా టీచర్ క్లాసులో ఆ సంగతి చెప్పినప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాలేదు. అందుకే దాని గురించి చదివి, ఇంట్లో అడిగి, ఈ వ్యాసం రాస్తున్నాను.

చైనావాళ్ళు మన దేశానికి రావడం నిన్నా మొన్నా జరిగింది కాదు. వారెన్ హేస్టింగ్స్ కాలంలోనే టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్ ప్రాంతంలో భూమి తీసుకుని చెరకు వేసి, చక్కెర తయారీ మొదలుపెట్టాడు. ఆయన పేరు మీదే ఆ ఊరు అచీపూర్ అయింది. కలకత్తా చైనా కుటుంబాలు ఇప్పటికీ తమ కొత్త సంవత్సరానికి అక్కడికి వెళ్ళి దండం పెట్టుకుని వస్తాయి. తర్వాత హక్కా భాష మాట్లాడేవాళ్ళు వచ్చి తాంగ్రాలో తోలు పని, బెంటింక్ వీధిలో చెప్పుల దుకాణాలు పెట్టుకున్నారు. కాంటన్ వైపువాళ్ళు వడ్రంగం చేశారు. హుబే వైపు నుంచి వచ్చినవాళ్ళు పళ్ళ డాక్టర్లయ్యారు. మన చెన్నైలో కూడా అలాంటి పళ్ళ డాక్టర్ల కుటుంబాలు కొన్ని తరాలుగా ఉన్నాయి. అస్సాంలో టీ తోటలు కొత్తగా వేసేటప్పుడు ఆ పని తెలిసినవాళ్ళని ఇంగ్లీషువాళ్ళు చైనావాళ్ళని పిలిపించారు. వాళ్ళలో చాలామంది అక్కడి ఆడవాళ్ళనే పెళ్ళి చేసుకున్నారు. మాకుం అనే ఊళ్ళో వాళ్ళ పిల్లలకు అస్సామీ బాగా వచ్చు, చైనా భాష అంతంత మాత్రం.

వీళ్ళు ఇక్కడే ఉన్నా, అక్కడ జరిగే ప్రతి మార్పూ వీళ్ళ ఇంటి తలుపు తట్టింది. 1911లో తిరుగుబాటు వచ్చి, మరుసటి ఏడాది మొదట్లో రాజరికం పోయి రిపబ్లిక్ అయింది. అంతవరకు చైనా మగవాళ్ళు రాజుకు విధేయతగా పొడుగు జడ వేసుకోవాల్సి ఉండేది, ఆ జడలు పోయాయి. రాజధానిలో సింహాసనం కదిలితే ఎక్కడో మామూలు మనిషి తలకట్టు మారిపోయింది. 1937లో జపాన్ పెద్ద ఎత్తున దండెత్తాక ఇంకా చాలామంది ఊళ్ళు వదిలి బయటపడ్డారు. 1949 అక్టోబర్ 1న కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది, పాత ప్రభుత్వం తైవాన్‌కు వెళ్ళిపోయింది. 1950 ఏప్రిల్ 1న మన దేశం కొత్త ప్రభుత్వంతో దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఇది మంచిదే కదా అనుకుంటాం. కానీ పాత ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టు పెట్టెలో దాచుకున్నవాళ్ళ గతేమిటి? ఆ పుస్తకం ఇచ్చిన ప్రభుత్వాన్ని మన దేశం ఇక గుర్తించదు. వాళ్ళు కదలలేదు, వాళ్ళ ఇల్లు కదలలేదు, కానీ ఒక్కసారిగా ఏ దేశానికీ చెందనివాళ్ళయిపోయారు.

ఇంకో చిత్రం చూడండి. బయటి దేశాల్లో చెమటోడ్చి సంపాదించినవాళ్ళు ఊళ్ళో అమ్మానాన్నలకు డబ్బు పంపేవాళ్ళు. ఆ డబ్బుతో కొందరు కాస్త పొలం కొన్నారు. కొత్త ప్రభుత్వం భూముల్ని పంచడం మొదలుపెట్టినప్పుడు, అలాంటి ఇళ్ళలో కొన్నింటికి భూస్వాములు అనే ముద్ర పడింది. కొడుకు ప్రేమతో పంపిన డబ్బే తల్లి మీద నేరమై కూర్చుంది. ఇటు కలకత్తాలో కూడా చైనావాళ్ళు రెండుగా చీలిపోయారు. కొందరు పెకింగ్ వైపు, కొందరు తైవాన్ వైపు. బళ్ళు వేరు, పత్రికలు వేరు. అప్పటిదాకా కలిసి పండగ చేసుకున్నవాళ్ళు ఏ జెండా కట్టాలని తగువులాడుకున్నారు.

1954లో మన రెండు దేశాలూ పంచశీల ఒప్పందం చేసుకున్నాయి. హిందీ చీనీ భాయి భాయి అనే నినాదం ఎక్కడ చూసినా వినబడేది. ఆ రోజుల్లో చైనా ముఖమున్న పిల్లవాడు కూడా అందరికీ తమ్ముడే. అదే పిల్లవాడు 1962 అక్టోబర్ 20 తర్వాత శత్రువయ్యాడు. ఆ మధ్యలో వాడు ఏం చేశాడు? స్కూలుకు వెళ్ళాడు, అంతే.

యుద్ధం నెల రోజులు నడిచి నవంబర్ 21న చైనా కాల్పులు ఆపింది. కానీ కుటుంబాల మీద యుద్ధం అప్పుడే ఆగలేదు. అప్పటికే అక్టోబర్ 26న దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. విదేశీయుల చట్టాన్ని మార్చారు. మనతో యుద్ధం చేసే దేశానికి ఒక మనిషి గానీ, వాళ్ళ అమ్మానాన్నల్లో ఒకరు గానీ, తాతా అవ్వల్లో ఒకరు గానీ ఎప్పుడైనా పౌరులుగా ఉండి ఉంటే చాలు, ఆ మనిషిని కూడా విదేశీయుడి లెక్కలోనే చూడవచ్చు. అంటే ఇక్కడే పుట్టినా, ఇక్కడే చదివినా, తాత పుట్టిన ఊరే లెక్క.

అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ వైపు నుంచి సుమారు 3,000 మందిని పట్టుకుని, రైళ్ళలో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు, రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపుకు పంపించారు. ముసలివాళ్ళు, బాలింతలు, చంటిపిల్లలు, అందరూ ఉన్నారు. కోర్టులో విచారణ లేదు. ఆ దేవ్‌లీ క్యాంపుకు ఇంకో చరిత్ర కూడా ఉంది. ఇంగ్లీషువాళ్ళు మన జయప్రకాశ్ నారాయణ్ లాంటి స్వాతంత్ర్య యోధుల్ని విచారణ లేకుండా పెట్టింది అక్కడే. స్వాతంత్ర్యం వచ్చిన 15 ఏళ్ళకే అదే చోట మనం కొన్ని కుటుంబాల్ని విచారణ లేకుండా పెట్టాం. ఈ మాట చదివినప్పుడు నాకు బాధ వేసింది.

డార్జిలింగ్‌లో పెరిగిన యిన్ మార్ష్ అనే ఆమెను ఆ క్యాంపుకు తీసుకెళ్ళేటప్పటికి ఆమెకు 13 ఏళ్ళు. నాకంటే రెండేళ్ళు చిన్న. పెద్దయ్యాక ఆ అనుభవాన్ని ఆమె పుస్తకంగా రాశారు. జాయ్ మా అనే రచయిత్రి అయితే ఆ క్యాంపులోనే పుట్టారు. తొట్టిలో ఉన్న బిడ్డ దేశానికి ఏ ద్రోహం చెయ్యగలదు? మిగిలినవాళ్ళు 1967 వరకు అక్కడే ఉన్నారు. విడుదలై ఊరికి వెళ్ళినవాళ్ళలో కొందరికి ఇల్లు లేదు, దుకాణం లేదు, అన్నీ వేలం వేసేశారు. క్యాంపుకు వెళ్ళనివాళ్ళు కూడా ఊరు దాటాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. చాలా కుటుంబాలు విసిగిపోయి కెనడా వెళ్ళిపోయాయి.

ఇక మన ఊరికి సంబంధించిన సంగతి చెప్తాను. 1963లో చైనా ప్రభుత్వం ఓడలు పంపింది. అవి మన మద్రాసు హార్బరుకే వచ్చాయి. దేవ్‌లీలో ఉన్నవాళ్ళలో చాలామంది ఆ ఓడలెక్కి వెళ్ళిపోయారు. చైనా ఎలా ఉంటుందో వాళ్ళ పిల్లల్లో ఎంతోమంది ఎప్పుడూ చూడలేదు. అది సొంత ఊరికి పోవడమా, ఊరు విడిచి పోవడమా?

సరే, సొంత దేశం చేరారు, కష్టాలు తీరాయి అనుకుంటాం. అక్కడ బయటి దేశాల నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం పెట్టిన పొలాల్లో పని ఇచ్చారు. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలైంది. విదేశాల్లో బంధువులున్నవాళ్ళని, విదేశాల నుంచి వచ్చినవాళ్ళని అనుమానంగా చూడడం మొదలైంది. ఇక్కడ చైనావాడివని అనుమానం, అక్కడ బయటివాడివని అనుమానం. ఒకే కుటుంబానికి రెండు దేశాలూ రెండు వేర్వేరు కారణాలతో ఒకే శిక్ష వేశాయి. ఆ కుటుంబం చేసిన పని మాత్రం ఏదీ కనబడదు. అందుకే ఇది ఒక్క మన దేశం తప్పు అని గానీ, ఒక్క చైనా తప్పు అని గానీ నేను అనను. మనిషిని చూడకుండా వాడి మూలం చూసే అలవాటు ఎక్కడున్నా ఇదే జరుగుతుంది.

ఈ సంగతి మా నాయనతో చెప్తే ఆయన అంత సులభంగా ఒప్పుకోలేదు. "యుద్ధం నడుస్తుంటే సర్కారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మంచివాడివా చెడ్డవాడివా అని అడుగుతూ ఉంటుందా? వెయ్యిమందిలో ఒక్కడు గూఢచారి అయినా బార్డరులో మన సిపాయిలు చస్తారు కదరా" అన్నారు. ఆయన మాటను నేను తీసిపారెయ్యను. దేశాన్ని కాపాడడం ప్రభుత్వం పని. అనుమానం ఉన్న మనిషిని పట్టుకోవచ్చు, అడగవచ్చు, కోర్టులో నిలబెట్టవచ్చు. అలా చెయ్యకపోతేనే తప్పు.

కానీ నేను మళ్ళీ అడిగాను. "మరి అవ్వని, చంటిబిడ్డని ఎందుకు తీసుకెళ్ళారు నాయనా? వాళ్ళు కూడా ఆ వెయ్యిలో ఒక్కడేనా?" ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "భయంలో తీసుకున్న నిర్ణయం అది" అన్నారు. నాకు ఆ మాట నిజం అనిపించింది. భయం అర్థం చేసుకోదగినదే. కానీ మనం భయపడ్డాం కాబట్టి అవతలివాడు నేరస్థుడు అయిపోడు. ఇంకో సంగతి ఏమిటంటే, భయం నాలుగు రోజుల్లో తగ్గింది, యుద్ధం నెలలో ఆగింది. క్యాంపు మాత్రం ఏళ్ళ తరబడి నడిచింది. దానికి భయం కూడా సాకు కాదు.

మన తెలుగులో ఒక సామెత ఉంది, అందరికీ తెలిసిందే. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని. తాత గొప్పను తన గొప్పగా చెప్పుకునేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. తాత తాగిన నెయ్యి వాసన మనవడి మూతికి రాదని మనకు తెలుసు. మరి నెయ్యే రానప్పుడు నేరం ఎలా వస్తుంది? అది కూడా తాత చేసిన నేరం కాదు, తాత వదిలేసి వచ్చిన దేశంలో ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం చేసిన పని. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, సరిహద్దులో సైన్యం మీది కోపం చెప్పుల కొట్టు మీద చూపించారు.

ఇది ఎక్కడో చైనావాళ్ళ గొడవ, మనకెందుకు అని ఎవరైనా అనవచ్చు. అదే హార్బరు దగ్గరికి మళ్ళీ రండి. 1962 మార్చిలో బర్మాలో జనరల్ నే విన్ అధికారం పట్టుకున్నాడు. తర్వాత దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. 1964లో పెద్ద నోట్లు చెల్లవని చెప్పేసింది. తరాలుగా అక్కడ బతికిన భారతీయులు సుమారు మూడు లక్షల మంది ఖాళీ చేతులతో బయటపడ్డారు. అందులో తమిళులున్నారు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. చాలామంది ఓడ దిగింది మద్రాసులోనే. హార్బరు ఎదురుగా ఉన్న బర్మా బజారు వాళ్ళ బతుకు కోసం పెట్టిందే. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట కూడా అలా వచ్చిందే. అంటే చైనా కుటుంబాలు ఓడ ఎక్కిన ఆ రేవులోనే, ఒక ఏడాది రెండేళ్ళ తేడాలో, మనవాళ్ళు ఓడ దిగారు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. పిల్లలందరం రంగూన్ తాత అంటాం. చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఓడలో వచ్చారు. "అక్కడ మమ్మల్ని కలా అనేవాళ్ళు, అంటే ఇండియావాడు అని. ఇక్కడ దిగితే బర్మావాళ్ళు అన్నారు. మా అమ్మ మాత్రం రెండు చోట్లా ఇదే చారు కాచింది" అని నవ్వుతూ చెప్తారు. ఆయనకు జరిగింది అన్యాయం అని మనం ఒప్పుకుంటే, దేవ్‌లీ కుటుంబాలకు జరిగింది కూడా అన్యాయమే అని ఒప్పుకోవాలి. మనవాళ్ళకు ఒక కొలత, పరాయివాళ్ళకు ఒక కొలత పెట్టుకుంటే అది న్యాయం కాదు. ఓడ ఎక్కేవాడి స్థానంలో మనవాడు ఉన్నా ఇదే నియమం ఒప్పుకుంటామా? ఏ నియమం మంచిదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదే.

మూలదేశం అంటే ఏమిటి అని కూడా ఆలోచించాను. చెన్నైలో పుట్టి పెరిగిన మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ఇటే ఉండిపోయింది. ఇక్కడి తెలుగువాళ్ళు ఇల్లు కదలకుండానే మైనారిటీ అయ్యారు. మనకు క్యాంపులు లేవు, యుద్ధం లేదు, కాబట్టి చైనా కుటుంబాల కష్టంతో దీన్ని సమానం అనను. కానీ ఒకటి మాత్రం మనకు అర్థమవుతుంది. అమరావతిలో, హైదరాబాదులో ఏ ప్రభుత్వం వచ్చినా మనకు అక్కడ ఓటు లేదు. వాళ్ళు చేసిన మంచికి మనం కారణం కాదు, చెడుకీ కాదు. అయినా తెలుగు మీద ప్రేమ ఉంది. అంటే మూలం మీద ప్రేమ వేరు, అక్కడి ప్రభుత్వానికి విధేయత వేరు. తాంగ్రాలో ఒక అవ్వ తన భాషలో జోలపాట పాడితే, పెకింగ్‌కు రహస్యం చేరవేసినట్టు కాదు. భాష, వంట, పండగ, పెద్దల సమాధులు, ఇవి మూలభూమి. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి.

ఈ ప్రశ్న పాతబడిపోలేదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. అందులో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ వార్త విని మన ఇళ్ళలో అందరూ బాధపడ్డారు, కోపం కూడా వచ్చింది. అది సహజం. కానీ ఆ రోజుల్లోనే కలకత్తా చైనా కుటుంబాలవాళ్ళు మేము భారత సైన్యం వైపే అని అట్టలు పట్టుకుని రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది. నేను సైన్యం వైపు ఉన్నానని నన్నెవరూ అట్ట పట్టుకోమని అడగలేదు. ఎన్నో తరాలుగా ఇక్కడున్న కుటుంబం మాత్రం ప్రతి గొడవకూ మళ్ళీ మొదటి నుంచి రుజువు చేసుకోవాలా? మా ఏరియాలో పార్లర్‌లో పనిచేసే మిజోరాం అక్కను కూడా కొందరు చైనా అని పిలుస్తారు. ఆమె కుటుంబానికి చైనాతో ఏ సంబంధమూ లేదు. ముఖం చూసి దేశాన్ని లెక్కకట్టడం మొదలుపెడితే అది ఎక్కడా ఆగదు.

మరి ఇప్పుడేం చెయ్యాలి? అమెరికాలో 1942లో జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని ఇలాగే క్యాంపుల్లో పెట్టారు. 1988లో ఆ దేశం చట్టం చేసి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. పోయిన ఏళ్ళు డబ్బుతో రావు. కానీ మీ తప్పేమీ లేదు అని ప్రభుత్వం నోటితో చెప్పడం చిన్న సంగతి కాదు. దేవ్‌లీలో ఉండి వచ్చినవాళ్ళు కెనడాలో ఒక సంఘం పెట్టుకుని ఆ ఒక్క మాట కోసమే అడుగుతూ వచ్చారు. చాలామంది ముసలివాళ్ళయిపోయారు. మన దేశం గొప్ప దేశం అని నేను నమ్ముతాను. గొప్ప దేశానికి ఆ మాట చెప్పడం బరువు కాదు.

అది పెద్దవాళ్ళ పని. మనం చెయ్యగలిగింది కూడా ఒకటుంది. ఏ దేశంతో గొడవ వచ్చినా, వార్తల్లో ఏం విన్నా, మన పక్కన బెంచీలో కూర్చున్నవాణ్ణి, మన వీధిలో కొట్టు పెట్టుకున్నవాణ్ణి వాడి పనితో, వాడి మాటతో చూద్దాం. వాడి తాత ఏ ఊళ్ళో పుట్టాడో తెలుసుకోవాలనిపిస్తే అడుగుదాం, కథ వినడానికి అడుగుదాం. తీర్పు చెప్పడానికి మాత్రం వద్దు.

— పదో తరగతి విద్యార్థి, చెన్నై